తహసీల్దారు గారికి వరండా కుక్క సంజాయిషీ

గౌరవనీయులైన తహసీల్దారు గారికి,
తమ కార్యాలయ వరండాలో కాపురముంటున్న నల్లోడు చేసుకునే విన్నపం.

విషయం: నా పనితీరుపై తమరి వ్యాఖ్య గురించి.

అయ్యా,

సోమవారం అర్జీల కార్యక్రమం ముగిశాక తమరు నన్ను చూపించి, "పోలీసు కుక్కలు ప్రాణాలకు తెగించి పనిచేస్తుంటే ఇది తిని కూర్చుంటోంది, తరిమెయ్యండి" అన్నారు. సిబ్బంది నవ్వారు. కిటికీ పక్క సీటాయన మరీ పెద్దగా నవ్వారు.

ఆ మహానుభావులతో నాకు పోటీ లేదు. ముంబయి పోలీసుల జంజీర్ 1993 పేలుళ్ల తర్వాత 3,000 కిలోలకు పైగా ఆర్‌డీఎక్స్ పట్టించింది. 2000లో చనిపోతే అధికార లాంఛనాలతో సాగనంపారు. నేను ఇంతవరకు పట్టించినవల్లా మూత సరిగా పెట్టని క్యారేజీలు.

లైకా మాత్రం మా వాళ్లే, మాస్కో వీధుల్లో తిరిగిన కుక్క. 1957 నవంబరు 3న స్పుత్నిక్-2లో కూర్చోబెట్టి అంతరిక్షానికి పంపారు. తిరిగి తెచ్చే ఏర్పాటే లేదు. వేడికి కొన్ని గంటల్లోనే ప్రాణం పోయిందన్న నిజం 2002లో గానీ బయటపడలేదు. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రాలేదని గొణిగే రైతులు ఈ సంగతి వింటే చల్లబడతారు.

టోగో కథ ఆఫీసువాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా ప్రబలితే, స్లెడ్జి కుక్కల జట్లు వంతులవారీగా మంచులో పరుగెత్తి మందు చేర్చాయి. అన్నిటికంటే పొడవైన, ప్రమాదకరమైన దారి టోగోది. చివరి మజిలీ బాల్టోది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో అదే ఏడాది విగ్రహం లేచింది బాల్టోకు. మన ఆఫీసులోనూ అంతే: ఎండలో గట్ల వెంట గొలుసు లాగిన సర్వేయరు ఒకరు, కొత్త కలం తీసి సంతకం పెట్టి శాలువా కప్పించుకునేవారు ఇంకొకరు.

ఇక నా సంజాయిషీ. బాంబులు వెతికే కుక్కకు మొరగకూడదనీ, గోళ్లతో గీరకూడదనీ నేర్పుతారు. వాసన తగిలిన చోట అది చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. పక్కనున్న హ్యాండ్లర్ సంగతి గ్రహిస్తాడు. నాకు శిక్షణా లేదు, హ్యాండ్లరూ లేడు. ముక్కు మాత్రం ఉంది.

కిటికీ పక్క సీటు దగ్గర పొద్దస్తమానం కూర్చునేది బద్ధకంతో కాదు. పాసుపుస్తకం కోసం వచ్చే ముసలమ్మ కొంగుముడిలో పసుపూ పొగాకూ కలిసిన వాసన ఉంటుంది. ఆమె వెళ్లిపోయాక ఆ వాసన ఆ బల్ల సొరుగులోంచి వస్తోంది. మొరిగితే కర్ర తీస్తారని ఊరికే కూర్చుంటున్నాను. ఇంతకంటే స్పష్టంగా జంజీర్ కూడా చెప్పలేదు.

నాకు పతకం వద్దు, విగ్రహం వద్దు. నన్ను తరమమని కాగితం మీద ఉత్తర్వు రాసేముందు ఆ సొరుగు ఒక్కసారి తీయించి చూడవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
నల్లోడు