చద్దన్నంలో ఇనుప గని

చద్దన్నానికి మంచిరోజులొచ్చాయి. మొన్నటిదాకా ఎవరైనా వస్తే గబుక్కున మూత పెట్టేసిన గిన్నె ఇప్పుడు మట్టి మూకుడై, పక్కన ఉల్లిపాయ చక్రాలు, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి పెట్టుకుని ఫోటోలు దిగుతోంది. గట్ హెల్త్ బౌల్ అట, ప్రోబయోటిక్ రైస్ అట. రాత్రి మిగిలింది పొద్దున తింటే ఇన్నాళ్లూ లేమి అన్నారు, ఇప్పుడు లైఫ్‌స్టైల్ అంటున్నారు. 2021లో ఆస్ట్రేలియా మాస్టర్‌షెఫ్ ఫైనల్లో కిశ్వర్ చౌధురి బెంగాలీల చద్దన్నమైన పాంతా భాత్ పెట్టింది. ఆవిడ దాన్ని ఇంటి తిండిగానే పెట్టింది. మందుగా మార్చింది మాత్రం తర్వాత బయల్దేరిన రీల్స్ మేధావులు.

ఈ జ్ఞానాన్ని సూరత్‌కు మోసుకురావడం మరీ విడ్డూరం. తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలి అని గుజరాతీలు చెప్పుకునే ఊరది. అక్కడి వంటింట్లో మిగిలిన రోట్లీని తుంచి, మజ్జిగలో వేసి, ఆవాల పోపు, పసుపు, చిటికెడు బెల్లంతో ఉడికిస్తే వఘారేలీ రోట్లీ. మిగిలిన అన్నంలో శనగపిండి కలిపి, ముద్దలు చేసి, పుల్లమజ్జిగలో మరిగిస్తే రసియా ముఠియా. శ్రావణ బహుళ షష్ఠినాడు వండిపెట్టుకుని, మర్నాడు శీతలా సాతమ్‌కు పొయ్యి వెలిగించకుండా ఆ చల్లటి తిండే తింటారు. అంటే చద్దికి ఏకంగా పండుగే ఉంది. గంజాం నుంచి వచ్చి మరమగ్గాల మీద పనిచేసే ఒడియా కార్మికులకు తమ చద్దన్నం పఖాళ గురించి ఒకరు చెప్పాలా? ఏటా మార్చి 20న ఒడియావాళ్లు దానికో దినమే జరుపుకుంటారు.

ఇక లింబాయత్, ఉధ్నా వైపు స్థిరపడ్డ తెలంగాణ పద్మశాలీల సంగతి. పన్నెండు గంటల నైట్ షిఫ్టు దిగి, సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు ఇంకా చెవుల్లో ఉండగానే ఇంటికొచ్చిన మనిషికి కావలసింది నిద్ర. రాత్రి అన్నంలో పోసిన నీళ్లు సగం వంచేసి, ఉప్పు, మజ్జిగ వేసి పిసికి, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ నాలుగు ముద్దలు తిని ఒరుగుతారు. ఈ రోజు ఆహార వృథాను అరికట్టాను అని వాళ్లెవరూ చాటుకోలేదు. అన్నం మిగిలింది, తిన్నారు. అంతే.

అసలు తలనొప్పి ఇనుముతో.

వాట్సాప్ ఉన్న ప్రతి ఇంటికీ ఆ సందేశం వచ్చే ఉంటుంది. వంద గ్రాముల అన్నంలో 3.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుందట. పన్నెండు గంటలు నానబెడితే 73.91 మిల్లీగ్రాములవుతుందట. కింద అస్సాం వ్యవసాయ విశ్వవిద్యాలయం పేరు తగిలిస్తారు. ఆ 73 పక్కన 91 చూశారా, దానిదే గొప్పతనమంతా. డెబ్బై అంటే ఎవరైనా అనుమానిస్తారు. రెండు దశాంశ స్థానాలు వేసి చెబితే తెల్లకోటు చూసిన రోగిలా అందరూ చేయి చాపేస్తారు.

గిన్నెలో ఉన్నవి అన్నం, నీళ్లు. పైన ఒక మూత. తెల్లారేసరికి ఇరవై రెట్ల ఇనుము ఎక్కణ్నుంచి దిగింది? ఇల్లు కార్ఖానా పక్కనే ఉండి, సాంచా నట్లు రాత్రంతా ఒక్కొక్కటిగా గిన్నెలో రాలాయనుకుంటే తప్ప లెక్క కుదరదు. పులియబెట్టే సూక్ష్మజీవులు చాలా పనులు చేస్తాయి గానీ లోహాన్ని పుట్టించవు. ఆ పని చేయగలమని చెప్పుకున్నవాళ్లను పాతరోజుల్లో రసవాదులనేవారు, రాజులు వాళ్లను కొన్నాళ్లు నమ్మి తర్వాత తరిమేసేవారు.

సూరత్ శివారు హజీరాలో పెద్ద ఉక్కు కర్మాగారం ఉంది. 2019 చివర్లో ఆర్సెలార్ మిత్తల్, నిప్పన్ స్టీల్ కలిసి దాదాపు 42 వేల కోట్ల రూపాయలు పోసి దాన్ని చేజిక్కించుకున్నాయి. బైలదిల్లా కొండల్లో తవ్విన ఖనిజాన్ని నీళ్లతో కలిపి గొట్టంలో విశాఖకు తోసి, అక్కడ గుళికలు కట్టి, ఓడలకెక్కించి ఉక్కు చేయడానికి ఎంత అవస్థ! పాపం, ఆ మిత్తల్ గారికి వాట్సాప్ లేనట్టుంది. నాలుగు డేగిశాల సోనామసూరి నానబెట్టుకుంటే పోయేదిగా.

పోనీ, అంకె నిజమేననుకుందాం. ఓ మోస్తరు కంచానికి మూడు వందల గ్రాముల చద్దన్నం పడుతుంది. అంటే 221 మిల్లీగ్రాముల పైచిలుకు ఇనుము. భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం ఆడవాళ్లకు రోజుకు 29, మగవాళ్లకు 19 మిల్లీగ్రాములు చాలు, 45 దాటితే మంచిది కాదు. గర్భిణికి ప్రభుత్వం ఇచ్చే మాత్రలో 60 ఉంటుంది. ఆ లెక్కన ఒక్క కంచం చద్దన్నం మూడున్నర మాత్రలకు పైమాటే. ఆశా కార్యకర్తలు మాత్రలు పంచడం మానేసి క్యారియర్లు మోస్తే సరి. తరతరాలుగా రోజూ చద్దన్నం తిన్న తెలుగువాళ్లంతా ఇనుము ముదిరి ఆస్పత్రుల పాలై ఉండాల్సింది. అలాంటి కథ ఏ ముసలమ్మా చెప్పలేదే!

ఇందులో నిజమంటూ ఒక ముక్క ఉంది. పులిసినప్పుడు ధాన్యంలోని ఫైటేట్లు తగ్గుతాయి, అందువల్ల ఉన్న ఇనుములో ఒంటికి పట్టే వాటా కొంత పెరుగుతుంది. ఉన్న ఇనుములో. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చేసిన పట్టికల్లో పాలిష్ పట్టిన పచ్చిబియ్యానికి వంద గ్రాములకు 0.65 మిల్లీగ్రాములే ఉంది. వండి నీళ్లు చేరితే అది ఇంకా తగ్గుతుంది. సందేశం మొదలుపెట్టిన 3.4 కూడా దొంగ లెక్కే కావాలి.

నవ్వుకుని వదిలేయవలసిన విషయమైతే వదిలేయవచ్చు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గుజరాత్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 65 శాతానికి రక్తహీనత. తెలంగాణలో 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8. అందరికీ వడ్డించి, అడుగున మిగిలింది గోక్కుని తిన్నది వీళ్లే. నిన్నటి అన్నం, మొన్నటి కూర ఏ కంచంలోకి పోతాయో ప్రతి ఇంట్లో తెలుసు. చద్దన్నంలో ఇనుము అంత పోగుపడి ఉంటే ఈ దేశంలో ముందు బాగుపడాల్సింది వాళ్ల రక్తమే. అలాంటివాళ్లకు ఆకుకూర, పప్పు, గుడ్డు అందేలా చూడమని చెప్పకుండా, నీ కంచంలో మిగిలిందే అమృతం, అదే తిను అని నచ్చజెప్పడం సిగ్గుమాలిన పని. దానికి శాస్త్రం పేరు పెట్టడం ఇంకా సిగ్గుచేటు. కార్మికుడి విషయమూ అంతే. లాక్‌డౌన్ వేళ, 2020 ఏప్రిల్ 10 రాత్రి సూరత్ లస్కాణాలో వలస కార్మికులు రోడ్డెక్కింది రావలసిన జీతం కోసం, ఊరికి పంపమని. లేమిని పథ్యంగా అమ్ముకునేవాళ్ల దృష్టిలో వాళ్ల పేగులు మాత్రం మహా ఆరోగ్యంగా ఉండి ఉంటాయి.

మిగిలిన రోట్లీలతో చేయమని రీల్స్ నేర్పే రోట్లీ పిజ్జా గురించి ఒక్క మాట. ఐదారు రూపాయలు చేసే రెండు రోట్లీలను కాపాడటానికి పైన వంద గ్రాముల చీజ్ తురుముతారు. కిలో చీజ్‌కు పది లీటర్ల దాకా పాలు పడతాయి, అంటే రెండు రోట్లీలకు లీటరు పాలు బలి. దీన్నీ పొదుపు కిందే రాస్తున్నారు.

మిగిలిన అన్నాన్ని రాత్రంతా గట్టు మీద వదిలేసి, పొద్దున వేయించి పిల్లల డబ్బాలో పెట్టమనే రీల్స్ మాత్రం నవ్వులాట కాదు. బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. వెచ్చగా వదిలేసిన అన్నంలో అవి పెరిగి వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. సూరత్ మే నెల ఉక్కలో ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. వేయించుకోవాలనుకున్న అన్నం చల్లారగానే ఫ్రిజ్‌లోకి పోవాలి. పాతవాళ్లు పుల్లటి మజ్జిగో తరవాణో పోసి అన్నాన్ని పులియబెట్టేవారు, ఆ పులుపు చాలా క్రిములను అదుపులో పెట్టేది. రీల్స్‌లో పులుపు పోయింది, మూకుడు మిగిలింది.

ఇంతకీ తిండి వృథా చేయొద్దనే ఈ పాఠమంతా ఎవరికి? ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం ఇళ్లలో మనిషికి ఏటా వృథా అయ్యే తిండి ప్రపంచ సగటు 79 కిలోలు, భారత్‌లో 55. అదీ పెద్దింటికీ పేదింటికీ కలిపి తీసిన సగటు. హోటళ్లు, కేటరింగుల్లాంటి చోట్ల ప్రపంచవ్యాప్తంగా 2022లో పారబోసింది 29 కోట్ల టన్నులు. సూరత్‌లో పెళ్లి సీజను వస్తే విందులు జరిగే పార్టీ ప్లాట్లలో దోశకో కౌంటరు, పాస్తాకో కౌంటరు, చాట్‌కు ఇంకొకటి, ఆరు రకాల మిఠాయిలు. ఆర్డరు మాత్రం వచ్చేవాళ్ల కంటే ఎప్పుడూ ఎక్కువే, తక్కువైతే పరువు పోతుంది. పెళ్లిళ్లలో అతిథులకు, వంటకాలకు పరిమితి పెట్టాలని, ఐదు లక్షలు దాటి ఖర్చుపెట్టేవాళ్లు పదో వంతు పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్లకు ఇవ్వాలని ఎంపీ రంజీత్ రంజన్ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

రోట్లీ ముక్కల మీద పరిశోధన చేసేవాళ్లు ఒకసారి అర్ధరాత్రి పార్టీ ప్లాట్ వెనక గేటు దగ్గర త్రాసు పట్టుకుని నిలబడాలి. డేగిశాలు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. పనీర్ ఎన్ని కిలోలు, పులావు ఎన్ని కిలోలు, జిలేబీ ఎన్ని కిలోలు అని రాసుకోవచ్చు, దశాంశాలతో సహా.