కడిగింది ఎవరిని?

ఆమధ్య మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన నోటీసు వెలిసింది: ‘హావింగ్ బీన్ క్లీన్డ్ థరోలీ, ఆల్ రెసిడెంట్స్ కెన్ నౌ యూజ్ ద ట్యాంక్ వాటర్.’

తిన్నగా సెక్రటరీగారి దగ్గరికెళ్లి, “మమ్మల్నందర్నీ ఎప్పుడు కడిగారండీ?” అన్నాను.

“మొన్న మీటింగులోనే కడిగేశాను కదండీ, మెయింటెనెన్స్ కట్టనివాళ్లని,” అన్నారాయన తడుముకోకుండా.

ఇంగ్లీషు వాక్యం మొదట్లో ‘హావింగ్ బీన్ క్లీన్డ్’ లాంటి పార్టిసిపుల్ ముక్క పెట్టి కామా కొడితే, కామా దాటగానే ఏ కర్త కనబడితే ఆ కర్తనే పట్టుకుంటుంది ఆ ముక్క. ముందూ వెనకా చూసుకోదు. ట్యాంకు ఎక్కడో చివర్న ఉండిపోయింది, రెసిడెంట్లు ఎదురుగా దొరికారు. స్నానం వాళ్లకి పడింది. ‘ద ట్యాంక్ హావింగ్ బీన్ క్లీన్డ్’ అని ట్యాంకుని ముందుకి లాగితే సరిపోతుందన్నాను. రెసిడెంట్స్ కంటే ముందు ట్యాంకుని పెడితే మర్యాదగా ఉండదేమోనని ఆయన సందేహం.

మనవాళ్లకి ఇక్కడే కాలు జారడానికి కారణం ఉంది. తెలుగులో ‘నడుస్తూ’ వేరు, ‘నడుస్తుంటే’ వేరు. ‘రోడ్డు మీద నడుస్తుంటే కుక్క కరిచింది’ అన్నామనుకోండి, నడక నాది, కాటు కుక్కది, ఎవరి పని వాళ్లది. ‘నడుస్తూ కుక్క కరిచింది’ అంటే పలక పట్టిన పిల్లాడైనా నవ్వుతాడు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి రెండింటికీ ఆ ‘ఇంగ్’ ఒక్కటే తగిలిస్తాం. ‘వాకింగ్ ఆన్ ద రోడ్, ఎ డాగ్ బిట్ మీ’ అని కుక్కని వాకింగుకి పంపిస్తాం. (కుక్కలూ నడుస్తాయి కాబట్టి ఈ తప్పు ఎవరి కంటా పడదు.)

బడి లీవ్ లెటర్లు ఇంకో రకం. ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ప్లీజ్ గ్రాంట్ మీ టూ డేస్ లీవ్.’ ఇవ్వాల్సింది హెడ్మాస్టరుగారు కాబట్టి కర్త ఆయనే. జ్వరం ఆయనకి, సెలవు వీడికి.

షేక్‌స్పియర్ మాత్రం తక్కువ తిన్నాడా? ‘హామ్లెట్’లో దయ్యమై వచ్చిన తండ్రి, తను తోటలో నిద్రపోతుండగా పాము కాటేసిందని లోకం అనుకుంటోందంటాడు. ఆయన ఇంగ్లీషు ప్రకారం నిద్రపోయింది పాము. నిద్రలో కరిచిందన్నమాట, పాపం దాని తప్పేం లేదు.

‘కన్సిడరింగ్’ లాంటివి కర్త లేకపోయినా దర్జాగా బతికేస్తాయని 1926లో ఫౌలర్ అనే నిఘంటుకారుడు తన ‘మోడర్న్ ఇంగ్లిష్ యూసేజ్’లోనే ఒప్పుకున్నాడు. అర్థం చెడి నవ్వొస్తేనే పట్టించుకోవాలని నా మతం కూడా.

మన అర్జీల చివర్న ‘థాంకింగ్ యూ’ ఉంటుందే, దాని వెనక ఒకప్పుడు ‘ఐ రిమైన్’ అని ఓ కర్త, క్రియ ఉండేవి. అవి ఎప్పుడో ఊడిపోయాయి. ఇప్పుడు ఆ థాంక్స్ చెప్పేదెవరో వ్యాకరణానికి తెలీదు. అయినా సెలవు శాంక్షనవుతూనే ఉంది, ఒక్కోసారి జ్వరమున్న హెడ్మాస్టరు చేతి మీదుగానే.