మొనగాడి గడియ: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

గాలి చూసి, బెల్టు గట్టిగా బిగియించి,
తలకు టోపి పెట్టి, తలుపు మూసి,
తనదు గడియతోనె తగవాడు మొనగాడు
రోడ్డు మీద చూడ రుషివరుండు

అవతారిక

చేవెళ్ల దగ్గర షాబాద్ వైపు తిరిగితే చందనవెల్లి. చేలున్న చోట పారిశ్రామిక వాడ లేచింది. అమెజాన్ వారి డేటా సెంటరు, వెల్‌స్పన్ ఫ్యాక్టరీ, వాటికోసం వెడల్పాటి రోడ్లు వచ్చాయి. ఆదివారం పొద్దున్నే అలాంటి రోడ్డు కళ్లబడితే కొత్తగా కారు కొన్న కుర్రవాడి కుడికాలు ఊరుకోదు. ఆ కాలిని ఉద్దేశించి పుట్టిన పద్యమిది. కవి పేరు తెలియదు. వ్యాఖ్యాతే కవి అయి ఉంటాడని అనుమానించే హక్కు పాఠకుడికి ఉంది.

ఈ శాస్త్రానికి అధికారి ఎవరంటే, డ్రైవింగ్ లైసెన్సూ రోజూ ఆఫీసుకు నడిపే మామూలు కారూ ఉన్నవాడు. విషయం టైమ్ ట్రయల్. అంటే కార్లు ఒకదాన్నొకటి తోసుకోకుండా, ఒక్కొక్కటే బయల్దేరి, గిరిగీసిన దారిని ఎంత తక్కువ సమయంలో ముగించాయో చూసే పోటీ. ప్రయోజనం ధనలాభం కాదు, ధనవ్యయం.

ప్రతిపదార్థ వివరణ

గాలి చూసి: టైర్లలో గాలి సరిచూసుకొని అని అర్థం. కవి ఇంజను ఊసెత్తకుండా గాలితో మొదలుపెట్టడంలో ఔచిత్యం ఉంది. ఎంత పెద్ద ఇంజనైనా నేలను తాకేది నాలుగు అరచేతులంత రబ్బరుతోనే. టైరు వేడెక్కితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. కనుక చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, పరుగు ముగిశాక ఒకసారి కొలిచి, రెండు అంకెలూ రాసుకోవాలి. టైరు భుజం మీద సుద్దముక్కతో అడ్డంగా నాలుగు గీతలు గీసి వదలడం పాత సంప్రదాయం. మలుపుల్లో టైరు ఎంత వాలిందో అరిగిన సుద్ద చెబుతుంది. గీత పక్కగోడ దాకా చెరిగిపోతే గాలి చాలలేదని నిర్ణయం.

ఇక్కడ మెకానిక్కుల మతం వేరు. "అన్నా, గాలి సరే గానీ ముందుగాల బ్రేకులు చూపించు. ఇంజను సంగతి ఎనక జూద్దాం" అని వారి వాదం. ఇదీ గ్రాహ్యమే. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడ్డకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. లోపల ఆవిరి బుడగలు చేరాక పెడలు నొక్కితే కాలు అడుగంటుతుంది, కారు మాత్రం ఆగదు. కాబట్టి కొత్త ఆయిలు, మందం ఉన్న ప్యాడ్లు, మంచి టైర్లు, ఈ మూడే తొలి ఖర్చు.

శంక: సైలెన్సర్ మార్చవద్దా?
సమాధానం: చప్పుడుకు మార్కుల్లేవు.

బెల్టు గట్టిగా బిగియించి: స్పష్టం. బెల్టు వదులుగా ఉన్నవాడు స్టీరింగును పట్టుకుని వేలాడతాడు. వేలాడే చేతికి కారు చెప్పే మాట వినబడదు.

తలకు టోపి పెట్టి: టోపి అనగా హెల్మెట్. తన తలకు తాను పెట్టుకునేదే ఇక్కడ వివక్షితం. ఇతరులకు పెట్టేది రియల్ ఎస్టేట్ ప్రకరణంలోనిది, మొయినాబాద్ పరిసరాల్లో దానికి వేరే వ్యాఖ్యాతలున్నారు. బైకు హెల్మెట్ చాలదా అంటే, కారు పోటీల హెల్మెట్‌కు నిప్పును తట్టుకునే లోపలి పొర ఉంటుంది. ఏ పోటీలో ఏది చెల్లుతుందో ఆ పోటీ నిబంధనల పుస్తకమే ప్రమాణం.

తలుపు మూసి: ఇంట్లో తెలియకుండా చప్పుడు కాకుండా వీధి తలుపు మూసి వచ్చాడని ఒక పక్షం. లోకానుభవాన్ని బట్టి దాన్ని తోసిపుచ్చలేం. అయితే శాస్త్రార్థం వేరు. తలుపు మూసే ముందు లోపల కదిలే వస్తువేదీ మిగలరాదని భావం. పోటీకి ముందు జరిగే తనిఖీలో నీళ్ల సీసా, కాలికింది మ్యాటు, స్టెప్నీ, జాకీ, అన్నీ దింపిస్తారు. మలుపులో సీసా దొర్లి బ్రేకు పెడలు కింద దూరితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. డాష్‌బోర్డు మీది వినాయకుడినీ దించమన్నప్పుడు శిష్టులు నొచ్చుకుంటారు. పోటీ అయ్యేదాకా స్వామి సంచిలో ఉంటే అపచారం కాదని నిర్ణయించాం. విఘ్నాలకు అధిపతి, ఆయనే విఘ్నం కారాదు.

తనదు గడియతోనె తగవాడు: ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది. గడియ అంటే పాత లెక్కలో 24 నిమిషాలు. ఇక్కడి గొడవ సెకనులో వెయ్యోవంతు గురించి. తలుపు అన్నాక గడియ అనడంలో శ్లేష కూడా ఉంది. వీధి తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్లినవాడు రాత్రి తిరిగి వచ్చేసరికి లోపల గడియ పడి ఉంటుంది. ఆ తగవులో గెలిచిన మొనగాడు ఇంతవరకు లేడు.

"తనదు" అన్న మాటను గమనించాలి. పక్కవాడిది ఖరీదైన కారు కావచ్చు, మనది పదేళ్ల స్విఫ్ట్ కావచ్చు. పొద్దున మన కాలం ఎంత, సాయంత్రం ఎంత అన్నదే తగవు. ఆ కాలం తగ్గించే ఉపాయం యాక్సిలరేటర్ పెడలులో ఉందని కొత్తవారు భ్రమిస్తారు. మొదట దారి మొత్తం కాలినడకన తిరగాలి. ఎక్కడ బ్రేకు పట్టాలి, ఎక్కడ వదలాలి, మలుపు లోపలి అంచును ఎక్కడ ఒరుసుకోవాలి, గుర్తులు పెట్టుకోవాలి. మలుపులోకి నిదానంగా వెళ్లినవాడు ముందే యాక్సిలరేటర్ తొక్కగలడు. ఉరికినవాడు టైర్లను కీచుమనిపించి, చూసేవారి చేత ఈల వేయించుకుని, కాలం పోగొట్టుకుంటాడు. ప్లాస్టిక్ కోన్లు పేర్చిన దారిలో ఒక్క కోను తగిలినా సెకన్లు జరిమానాగా కలుస్తాయి.

శంక: చిలుకూరు బాలాజీ గుడిలో చుట్లు తిరిగేదీ ఇలాగే కదా?
సమాధానం: కాదు. మొక్కుకున్నప్పుడు 11, కోరిక తీరాక 108 అని అక్కడ చుట్లకు లెక్క, ఎంతసేపట్లో తిరిగావని స్వామి అడగడు. వీసా ఇంటర్వ్యూ ఉన్నవారు పరుగెత్తడం వారి స్వబుద్ధి.

మొనగాడు: మొన అనగా కొన, శిఖరం. కనుక కొండెక్కే పోటీ, అంటే హిల్ క్లైంబ్ కూడా ఇందులో ధ్వనిస్తోంది. (ఇంత లాగకపోతే వ్యాఖ్యానం ఎందుకు?) ఇంగ్లండులోని షెల్స్లీ వాల్ష్‌లో 1905 నుంచి ఈ ఆట నడుస్తోంది. దారి మొత్తం వెయ్యి గజాలు. మేటి కార్లు అర నిమిషంలోపే పైకి చేరతాయి. అమెరికాలోని పైక్స్ పీక్ దారి దాదాపు 20 కిలోమీటర్లు, 156 మలుపులు. 2018లో రొమైన్ డ్యూమా ఫోక్స్‌వాగన్ విద్యుత్ కారులో 7 నిమిషాల 57.148 సెకన్లలో ఎక్కేశాడు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి పెట్రోలు ఇంజను నీరసిస్తుంది, బ్యాటరీకి ఆ బాధ లేదు.

చందనవెల్లికి కొండ ఏదని అడిగితే, దగ్గరలో వికారాబాద్ అనంతగిరి ఉంది. కానీ అది అనంతపద్మనాభుడి భక్తులూ పిక్నిక్ జనమూ తిరిగే దారి, పోటీకి పనికిరాదు. కొండ లేకున్నా ఈ నియోజకవర్గానికి కొండా వారున్నారు. చేవెళ్ల ఎంపీ కొండా విశ్వేశ్వర్ రెడ్డి కుమారుడు అనిందిత్ రెడ్డి, జాతీయ రేసింగ్‌లో యూరో జేకే టైటిల్ గెలిచినవాడు. ఆయన చక్రం తిప్పింది ట్రాక్ మీద. ఆ ట్రాకులు మనకు దూరం. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే, ఢిల్లీ దగ్గర బుద్ధ్ సర్క్యూట్. రెండోదానికి పేరిచ్చిన కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు రేసు కారు చేయించి, బోలెడు మంది కొత్తవారికి దారి చూపాడు. గొప్ప ఇంజను కోసం ఎదురుచూడక్కర్లేదనడానికి ఇంతకంటే ప్రమాణం వద్దు.

రోడ్డు మీద చూడ రుషివరుండు: ఋకారాన్ని రుకారం చేసి కవి యతి కుదుర్చుకున్నాడు. లైసెన్సు లేకుండా పద్యం నడిపితే చలానా లేదు. కారుకు ఉంది. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వ లిఖిత అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెంలో గాని వేగ పరీక్షలో గాని పాల్గొంటే మొదటిసారి 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అనుమతి ఉంటే ఎలా ఉంటుందో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున చూశాం. రోడ్లు మూసి, గోడలు కట్టి ఫార్ములా ఈ పోటీ జరిపారు, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది పోటీ రద్దయింది.

ఇన్సూరెన్సు పత్రాన్నీ ఒకసారి చదవాలి. వ్యవస్థీకృత పందేలు, వేగ పరీక్షలు పాలసీకి వెలుపల అని అందులోనే ఉంటుంది. ట్రాక్ మీద గోడకు కొట్టుకుంటే బిల్లు మనదే.

వ్యాఖ్యాత ఇక్కడ హాస్యం పక్కన పెడుతున్నాడు. 2025 నవంబర్ 3న ఇదే చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ టిప్పర్లూ, బస్సులూ, కూరగాయల ఆటోలూ రోజూ తిరిగే దారిలో స్టాప్‌వాచ్ నొక్కేవాడిని మొనగాడని ఏ నిఘంటువూ అనదు.

అలంకారం: విరోధాభాస. వేగగాడే రుషి కావడం వల్ల.

తాత్పర్యం

టైర్లు, బ్రేకులు చూసుకుని, హెల్మెట్ పెట్టుకుని, కారు ఖాళీ చేసుకుని, మూసిన దారిలో తన కాలంతో తానే పోట్లాడి, బయటికి వచ్చాక లారీ వెనక ఓపికగా నడిపేవాడే మొనగాడని భావం.

ఫలశ్రుతి

దీన్ని ఆదివారం ఉదయం పఠించినవాడికి ఆ రోజు కారు తీయాలన్న కోరిక తగ్గదు. కనుక పాఠకులకు ఒక మనవి. పోటీకి పేరివ్వడానికి ముందు, భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య గుర్తింపు ఉన్న ఏదో ఒక క్లబ్బుకు రాసి, ఒక పోటీలో జెండా పట్టే మార్షల్‌గా నిలబడండి. వారికి మనుషులు ఎప్పుడూ కావాలి. ఎండకు టోపీ తెచ్చుకోండి, ఈసారి మామూలు టోపీయే.