ధాన్యాగారంలో పదకొండున్నర సెంటీమీటర్లు

కృష్ణకు 1855లో ఆనకట్ట కట్టినప్పటి నుంచి మన డెల్టా ఊరందరికీ అన్నం పెడుతూనే ఉంది. కైకలూరు చేప లారీ ఎక్కి ఈశాన్యం దాకా పోతుంది. గుడ్ల ఉత్పత్తిలో దేశానికి మన ఆంధ్రప్రదేశే పెద్దన్న. ఇలాంటి చోట పసిబిడ్డ చిక్కిపోయాడంటే కిట్టనివాళ్ళ ప్రచారం అనుకోవాలి. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేకి మనమీద అభిమానం లేదు. రాష్ట్రంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదంది. అంతకుముందు సర్వేలో అది 31.4. తగ్గింది, కాదనలేం. నాలుగేళ్ళకు 0.2 చొప్పున ఇలాగే తగ్గించుకుంటూ పోతే ఆరువందల ఏళ్ళలో పని పూర్తవుతుంది, కంగారు దేనికి? పిల్లల్లో రక్తహీనత మాత్రం 58.6 నుంచి 63.2కి చేరింది. పెరగాల్సిన పిల్లలు పెరగకపోయినా ఏదో ఒకటి పెరిగింది కదా!

'మనవాళ్ళ ఒడ్డూపొడుగే అంత' అనే పెద్దమనుషులున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 కొలతలు నార్వే, అమెరికా పిల్లలతో పాటు దక్షిణ ఢిల్లీ పిల్లల్నీ చూసి కట్టినవి. కడుపు నిండితే మనవాళ్ళూ వాళ్ళంతే పెరుగుతారని తేలింది. అంటే లోపం వంశంలో లేదు, కంచంలో ఉంది. మరీ చిక్కిపోయిన బిడ్డకు వైద్యమూ కొత్తదేం కాదు. అంగన్‌వాడీ టేపు జబ్బకు చుట్టినప్పుడు 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే ఎరుపు, అంటే తీవ్ర పోషకాహార లోపం. జబ్బు కూడా ఉంటే పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చి, మొదట పల్చటి పాలు కొద్దికొద్దిగా, రాత్రి కూడా లేపి పట్టాలి. ఒక్కసారిగా కడుపు నింపితే ప్రాణానికే ముప్పు. ఆకలి తిరిగొచ్చాకే చిక్కటి పాలు.

మనం మాత్రం టెక్నాలజీ తెలిసినవాళ్ళం. 2025 జూలై 1 నుంచి అంగన్‌వాడీలో ఇంటికిచ్చే పోషకాహార సరుకుకు తల్లి ముఖం ఫోనుకు చూపాలి. సిగ్నల్ లేకపోతే ఆవిడ ఆవిడ కాదు. దొంగలెక్కలు ఆగాలి కదా అంటారు, నిజమే, ఆగాలి. కానీ పొట్లం చేరిందని చెప్పే ఫోను, విజయవాడ సింగ్‌నగర్ అద్దెగదిలో ఆ పొట్లాన్ని నలుగురు పంచుకున్నారని చెప్పదు. ఇక తల్లులకు అవగాహన లేదన్న మాట ఒకటి. పసివాడి పొట్ట చిన్నది, రోజుకు అయిదారుసార్లు పెట్టాలి. పొద్దున్నే పనికి పోయి చీకటిపడ్డాక వచ్చే తల్లికి ఈ సంగతి తెలియక కాదు. ఆ పునరావాస కేంద్రంలో రెండు వారాలుండమంటే రోజుకూలి పోతుంది, ఇంటి దగ్గర పెద్దపిల్లకు వండిపెట్టే దిక్కుండదు. నాలుగోరోజుకే బిడ్డను చంకనేసుకుని వెళ్ళిపోతే, వైద్య సలహా పాటించలేదని రిజిస్టర్లో ఆవిడ మీదే రాస్తారు.