పండగ పాకం

సంక్రాంతి సెలవులు రైల్వే లెక్కలో 60 రోజుల ముందే, రిజర్వేషన్ తెరిచిన పూటే మొదలవుతాయి. టికెట్ దొరకనివాళ్లు భోగికి ముందే పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరి బంధువుల్ని కలుసుకుంటారు.

ఇంట్లో అసలు పరీక్ష అరిసెలది. బియ్యప్పిండి తడి ఆరకూడదు, బెల్లం పాకం నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. ముదిరితే అరిసె రాయి, లేతదైతే నూనెలో విడిపోతుంది. రెండు సందర్భాల్లోనూ తప్పు బెల్లానిదే. (జన్మలో గరిటె పట్టని మగవాళ్ల సలహాలకు మాత్రం కొదవుండదు.)

భోగిపళ్లు చంటిపిల్లల నెత్తిన పోస్తారు. చిల్లర ఏరుకునేది పెద్దపిల్లలు. కొత్తల్లుడు తినడం తప్ప ఏ పనీ చెయ్యడు, దాన్ని మర్యాద అంటారు. కనుమనాడు ప్రయాణం కూడదని ఆచారం. మినప గారెలు తిన్నాక కదలడం ఎలాగూ కుదరదు. ముక్కనుమనాడు మేనేజరుకు మెసేజ్ వెళ్తుంది: జ్వరం.