ఊపిరి పీల్చండి, సిస్టర్!

అనంతపురం జిల్లా రాప్తాడు సీమలో వానకు కరువుగానీ వ్యూహాలకు ఎన్నడూ కరువు రాలేదు. దేవుడు దయ తలిస్తే ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిసే ఎర్రనేల ఇది. మబ్బుల్లో మందు చల్లి వాన దించుతామని ఇరవై ఏళ్ళ కిందట విమానాలు తిప్పారు. దానికి మేఘమథనం అని చక్కటి పేరు కూడా పెట్టారు. 2016 ఖరీఫ్‌లో చెనిక్కాయ వాడుముఖం పడితే రెయిన్ గన్లు దింపారు. గన్నును తప్పు పట్టడానికేం లేదు, చాలా దూరం చిమ్ముతుంది. కాకపోతే దాని వెనకాల పైపు ఉండాల, పైపుకవతల నీళ్ళుండాల. ఈ చివరి సంగతి రైతుకు తప్ప మరెవరికీ తోచలేదు.

ఇప్పుడదే విద్య ఆసుపత్రులకు పాకింది. ఈసారి వాడుముఖం పట్టింది నర్సులు. వాళ్ళ కోసం దింపిన గన్ను పేరు ‘పని వాతావరణాన్ని మెరుగుపరిచే వ్యూహాలు’.

ఈ తంతు ఎక్కడైనా ఒకటే. ఏసీ హాలు, గుమ్మంలో ఫ్లెక్సీ, వేదికమీద జ్యోతి ప్రజ్వలన, ముందు వరసలో ఖాళీ సోఫాలు. వక్త ఎంబీయే చదివి ఉంటాడు, చేతికి మైకు తప్ప మరేదీ తగిలి ఉండదు. “మీ ఒత్తిడికి కారణం పని కాదమ్మా, పనిమీద మీ దృక్పథం” అని మొదలుపెడతాడు. రెండో స్లైడులో కృతజ్ఞత, మూడో స్లైడులో జట్టు స్ఫూర్తి, నాలుగో స్లైడులో చేతులు పట్టుకుని నిలబడ్డ తెల్లవాళ్ళ బొమ్మ. ఆ తర్వాత అసలు మందు: కళ్ళు మూసుకోండి, పది దాకా లెక్కపెట్టండి, దీర్ఘంగా ఊపిరి పీల్చండి. పగటి డ్యూటీవాళ్ళను వార్డు వదలదు కాబట్టి ఈ శిక్షణకు వచ్చేది నైట్ డ్యూటీ దిగినవాళ్ళే. కళ్ళు మూసుకోమన్నదే తడవు సగం హాలు నిద్రలోకి జారుతుంది. ధ్యానం ఇంత త్వరగా కుదిరిన బ్యాచ్‌ని ఇంతవరకూ చూడలేదని వక్త సంతోషిస్తాడు.

ఇంతకీ ఆ నిద్ర ఎక్కడ పోయిందో చూద్దాం.

రాప్తాడు 44వ నంబరు జాతీయ రహదారిమీది మండలం. ఇలాంటి మండల కేంద్రాల్లో పీహెచ్‌సీ బోర్డుమీద ‘24 గంటల వైద్యసేవలు’ అని ఉంటుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో పీహెచ్‌సీకి మంజూరు లెక్క ముగ్గురు స్టాఫ్ నర్సులు. రోజుకు మూడు షిఫ్టులు, వారానికి ఇరవై ఒకటి. ముగ్గురూ వారానికొక ఆఫ్ తీసుకుంటే వాళ్ళు చేయగలిగినవి పద్ధెనిమిది. మిగిలిన మూడు షిఫ్టులు ఎవరు చేస్తారు? ముగ్గురిలో ఒకరు కాన్పుకు పోతే, ఇంకొకరు డిప్యుటేషన్‌మీద పోతే, లెక్క ఏమవుతుంది? ఇది నాలుగో తరగతి తీసివేత. వ్యూహకర్తల స్లైడుల్లో ఎంత వెతికినా ఈ తీసివేత కనబడదు.

ఇక ఆ షిఫ్టు లోపలికి వెళ్దాం. రాత్రి రెండు గంటలు. ప్రసవం బల్లమీద నొప్పులు పడుతున్న తల్లి. ప్రతి అరగంటకూ బిడ్డ గుండె చప్పుడు విని పార్టోగ్రాఫ్ అనే కాన్పు చార్టులో చుక్క పెట్టాలి. అప్పుడే బయట బైకు ఆగుతుంది. చెనిక్కాయ చేలో పాము కరిచిన మనిషిని ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తెచ్చారు. అతని రక్తం రెండు మిల్లీలీటర్లు తీసి, పొడిగా శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టి, గడ్డ కట్టిందో లేదో వంచి చూడాలి. కట్టకపోతే విషం రక్తానికెక్కినట్టే, విరుగుడు ఎక్కించాలి. గడియారం ఒకటే, దాన్ని చూసే కళ్ళు రెండే. ఒకవైపు అరగంట, ఒకవైపు ఇరవై నిమిషాలు. మధ్యలో మంచం దగ్గర్నుంచి కేక: “ఏం సిస్టరమ్మా, బాటిల్ అయిపోయి ఎంతసేపాయ! పిలుస్తానే ఉండాము, ఇనపడల్యా?”

ఈ ఘట్టంలో దీర్ఘశ్వాస ఎవరి వంతు? తల్లి అప్పటికే పీలుస్తోంది. పాము కరిచినవాడు కూడా పీల్చే ప్రయత్నంలోనే ఉన్నాడు. సిస్టరు కూడా మొదలుపెడితే గాజు గొట్టం చూసేదెవరు?

దీర్ఘశ్వాస మొదటి వ్యూహమైతే, రెండోది పేరు మార్పిడి. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ స్టాఫ్ నర్సులను నర్సింగ్ ఆఫీసర్లు అంది. మన రాష్ట్రమూ అదే బాట పట్టింది. మర్యాద ఎవరికి చేదు? గౌరవం దక్కాల్సినవాళ్ళకు దక్కింది, బాగుంది. అయితే ఆఫీసరన్నాక ఒక గది, గదికి తలుపు, తలుపుకు గడియ ఉంటాయని లోకం నమ్మకం. ఈ ఆఫీసర్లలో ఎందరికి బట్టలు మార్చుకునే చోటు ఉందో, ఎందరికి విడిగా మరుగుదొడ్డి ఉందో ఆ ఉత్తర్వు అడగలేదు.

ఇది నవ్వులాట కాదు. 1973 నవంబరులో ముంబయి కేఈఎం ఆసుపత్రిలో అరుణా శాన్‌బాగ్ అనే నర్సు డ్యూటీ ముగించుకుని బట్టలు మార్చుకోవడానికి నేలమాళిగకు వెళ్ళింది. అక్కడ జరిగిన దాడి తర్వాత 2015లో కన్నుమూసేదాకా, దాదాపు 42 ఏళ్ళు, అదే ఆసుపత్రి మంచంమీద ఉండిపోయింది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో సుదీర్ఘ డ్యూటీ మధ్య ఒక యువ వైద్యురాలు నడుం వాల్చడానికి వెళ్ళింది సెమినార్ హాలుకు. అక్కడే ఆమె హత్యాచారానికి గురైంది. అర్ధ శతాబ్దంలో మన ఆసుపత్రులు సెమినార్ హాళ్ళు కట్టుకున్నాయి, గడియ ఉన్న విశ్రాంతి గది కట్టుకోలేదు. ఒత్తిడి నివారణ గురించి ఉపన్యాసాలు ఇచ్చేదీ ఆ హాళ్ళలోనే.

మూడో వ్యూహం యాప్. 2023 జనవరి నుంచి మన రాష్ట్ర ఉద్యోగుల హాజరుకు ముఖ గుర్తింపు వచ్చింది. రాత్రంతా మేలుకున్న ముఖాన్ని ఫోను గుర్తుపట్టకపోతే తప్పు ఫోనుది కాదు, అద్దం చూసుకుంటే ఆమే గుర్తుపట్టలేదు. మనిషి ఎన్నింటికి వచ్చిందో ఆ యాప్‌కు తెలుసు. వచ్చాక ఎంతమంది రోగులను చూసిందో అడిగే మీట మాత్రం అందులో పెట్టలేదు.

నాలుగోది పరిశుభ్రత. 2015లో మొదలైన కాయకల్ప పథకాన్ని నేను తప్పుపట్టను. జీవ వ్యర్థాలకు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు వచ్చాయి. రక్తం అంటిన దూది పసుపులోకి, సెలైన్ ట్యూబు ఎరుపులోకి, సూది తెలుపులోకి, పగిలిన గాజుసీసా నీలంలోకి పోతాయి. వాడి పారేసిన ప్రతి వస్తువుకూ ఒక చోటు చూపించిన వ్యవస్థ, వాడుతున్న మనిషికి ఒక కుర్చీ వేయడం మాత్రం మరిచింది. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు కల్పిస్తూ చట్టాలు సవరించుకున్నాయి. చీరలమ్మే అమ్మాయికి దక్కింది సూదిమందు వేసే అమ్మాయికి దక్కరాదా?

ఐదోది పూలు. 2020 మే 3న సైనిక హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలరేకులు చల్లాయి. దానికి దాదాపు నెల ముందే, అప్పటి విశాఖ జిల్లా నర్సీపట్నంలో మాస్కులు చాలడం లేదని నోరు తెరిచిన ప్రభుత్వ మత్తు డాక్టరు సస్పెండయ్యాడు. అడిగింది మాస్కు, రాలింది పూవు. ఆ పూలు ఊడ్చింది ఎవరో చెప్పనక్కర్లేదు.

ఏటా మే 12న ఈ వ్యూహాలన్నీ ఒక్కచోట చేరతాయి. నర్సుల దినోత్సవం. కేకు, కొవ్వొత్తి, శాలువా, ‘మీరు తెల్లబట్టల్లోని దేవతలు’ అనే ప్రసంగం. దేవతలన్నాక జీతం అడగరు, ఆకలి చెప్పరు, నాలుగు చేతులుంటాయి. అందుకే ఆ బిరుదు యాజమాన్యాలకు అంత ఇష్టం.

ఆ రోజు ఫొటోకు దండ వేయించుకునే ఫ్లోరెన్స్ నైటింగేల్ చేసిందేమిటో వేదికమీద ఎవరూ చెప్పరు. 1854లో క్రిమియా యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం ఆమె స్కుటారి ఆసుపత్రికి వెళ్ళింది. ఆ మరుసటి ఏడు ఫిబ్రవరిలో అక్కడ నూటికి నలభైమందికి పైగా చస్తున్నారు. మార్చిలో పారిశుద్ధ్య బృందం వచ్చి భవనం కింది మురుగు కాలువలు బాగు చేసి, గాలి ఆడేలా ఏర్పాటు చేసింది. వేసవికల్లా చావులు నూటికి రెండు మూడుకు దిగాయి. అది కళ్ళారా చూసిన నైటింగేల్ ఇంటికొచ్చి కవిత్వం రాయలేదు, లెక్కలు గీసింది. 1858 నాటి ఆమె రంగుల పటం చూస్తే ఎంతమంది తూటాలకు పోయారో, ఎంతమంది మురికికి పోయారో మంత్రికైనా అర్థమవుతుంది. చేతిలో దీపం బొమ్మను మాత్రం మనవాళ్ళు ఉంచుకున్నారు, లెక్కల కాగితాన్ని వదిలేశారు. ఆమె ఇవాళ ఏ ఆసుపత్రిలోనైనా ఆ కాగితం పట్టుకుని పై అధికారి గదికెళ్తే సాయంత్రానికి మెమో చేతిలో పడుతుంది.

అయినా లెక్కలు ఎక్కడికీ పోలేదు. 2002లో పరిశోధకురాలు లిండా ఏకెన్ బృందం పెన్సిల్వేనియా ఆసుపత్రుల లెక్కలు తీసింది. ఒక నర్సు చూసే రోగుల్లో ఒక్కరు పెరిగితే, ఆపరేషన్ అయిన రోగి నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోంది, నర్సు నలిగిపోయే అవకాశం 23 శాతం పెరుగుతోంది. నర్సు మనశ్శాంతికి, రోగి ప్రాణానికి మందు ఒకటేనన్నమాట. కాలిఫోర్నియా 1999లోనే చట్టం చేసి 2004 నుంచి అమల్లో పెట్టింది. ఐసీయూలో ఇద్దరికొక నర్సు, మామూలు వార్డులో ఇప్పుడు ఐదుగురికొకరు. మన భారత నర్సింగ్ మండలి లెక్క కూడా తీసికట్టేమీ కాదు: బోధనాసుపత్రిలో ముగ్గురికొకరు, సాధారణ ఆసుపత్రిలో ఐదుగురికొకరు, సెలవుల కోసం పైన మరో 30 శాతం. అక్కడ చట్టం, ఇక్కడ సిఫారసు. చట్టం తప్పితే కేసు పడుతుంది, సిఫారసు తప్పితే ఇంకో వర్క్‌షాపు పడుతుంది.

“నర్సులు దొరకడం లేదండీ” అన్నది పెద్దల తర్వాతి పాట. దొరక్కేం! రాప్తాడుకు దగ్గర్లోని బత్తలపల్లిలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ నర్సింగ్ స్కూలుంది, పల్లెపిల్లలు అక్కడ చదువుకుంటారు. చదువయ్యాక వాళ్ళెందుకు నిలవడం లేదో అడగాలి. నర్సుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016లో ఆదేశిస్తే కేంద్రం కమిటీ వేసింది. యాభై పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రి కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, రెండొందల పడకలు దాటితే ప్రభుత్వ జీతంతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. ఆ కాగితం చూపించి జీతం అడిగిన అమ్మాయికి చిన్న నర్సింగ్ హోములు చెప్పే జవాబు “మనమంతా ఒక కుటుంబం కదమ్మా”. కుటుంబమే, కాదనం. అందులో కోడలి వేషం ఎవరిదో కూడా తెలుసు. అందుకే ఆ పిల్ల అదే 44వ నంబరు రోడ్డెక్కి నాలుగు గంటల్లో బెంగళూరు చేరుతుంది. అక్కడినుంచి గల్ఫ్‌కో జర్మనీకో దారి వెతుక్కుంటుంది.

“ఇష్టం లేకపోతే మానేయొచ్చు కదా” అనేవాళ్ళూ ఉన్నారు. మానేసి ఎక్కడికి పోవాల? రాప్తాడుకు జాకీ ఫ్యాక్టరీ వస్తుందని ఊరూరా చెప్పుకున్నారు. ఆ కంపెనీ 2022లో వద్దనుకుని వెళ్ళిపోయింది. చేనికి పోదామంటే పైన చెప్పిన వాన లెక్క ఉండనే ఉంది.

పెద్ద సంస్థల పెద్దలు మాత్రం మనకు ఆదర్శంగా నిలుస్తూనే ఉన్నారు. ఒకాయన 2023లో వారానికి 70 గంటలన్నాడు. ఇంకొకాయన 2025లో 90 అన్నాడు, ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపు చూస్తారని కూడా అడిగాడు. అదే ఏడు మన రాష్ట్రం రోజు పనిగంటల హద్దును 9 నుంచి 10కి జరిపింది. పని వాతావరణం బాగు చేయడమంటే పని పెంచడమేనని ఇంత విడమరిచి చెప్పాక కూడా అర్థం కాకపోతే అది మన దృక్పథం లోపమే.

సరే, వ్యూహాలు రాయడం వాళ్ళ సొంతమా, నేనూ రాస్తాను. ఒకటి, షిఫ్టుకు ఇంకొక మనిషి. రెండు, కూర్చోవడానికి కుర్చీ. మూడు, లోపలినుంచి గడియ పడే గది. నాలుగు, నీళ్ళొచ్చే మరుగుదొడ్డి. ఐదు, ఒకటో తేదీన జీతం. వీటికి వక్త అక్కర్లేదు, ఇండెంటు చాలు.

ఇక ఆరోది, పైసా ఖర్చు లేనిది. ప్రతి వార్డు గుమ్మంలో ఒక నల్లబోర్డు పెట్టి, షిఫ్టు మారినప్పుడల్లా రెండే అంకెలు రాయండి: లోపల రోగులెందరు, నర్సులెందరు. బాటిల్ అయిపోయిందని కేక వేసేముందు మనిషి ఆ బోర్డు చూస్తాడు. చూశాక అతని కోపం సిస్టరు మీద నిలవదు, ఆ అంకెను మంజూరు చేసినవాళ్ళ ఇంటి అడ్రసు అడుగుతుంది. పైవాళ్ళు వ్యూహాల కోసం అంత ఖర్చు పెడుతున్నది ఆ అడ్రసు దొరక్కుండా ఉండటానికే.