మధుచంద్ర యాత్రా మాహాత్మ్యము

పెండ్లియైన పిదప వధూవరులు ఏమి చేయవలెనను విషయమున మన పెద్దలకు సందేహమెన్నడును ఉండెడిది కాదు. పదునారు దినముల పండుగ, అత్తవారింట మూడు నిద్రలు, అన్నవరము కొండమీద సత్యనారాయణ వ్రతము, కొండ దిగివచ్చునప్పుడు అడ్డాకు పొట్లములో నేయి కారుచున్న గోధుమనూక ప్రసాదము, ఆషాఢము రాగానే వధువును పుట్టింటికి పంపి ఒకరినొకరు తలచుకొనుటకు నెలదినముల అవకాశము - ఇంతటితో ఆ ప్రకరణము ముగిసెడిది. ఇప్పుడట్లు కాదు. హనీమూను అనునొక మహాక్రతువు వెలసి, పై వానినన్నిటిని పక్కకు నెట్టి, పీట వేసికొని కూర్చున్నది. దీనిని మన పత్రికలవారు తెనిగింతమని కలము పట్టి, తెనుగు తోచక, మధుచంద్రమని సంస్కృతీకరించిరి. ఆ మాటలో తేనె యున్నది, చంద్రుడున్నాడు, దంపతులు మాత్రమెక్కడను లేరే యని నేను చాలకాలము వగచితిని. మా మేనల్లుని యాత్రావృత్తాంతము విన్న తరువాత, ఆ పదమును కల్పించినవాడు ద్రష్టయేగాని అజ్ఞాని కాడని తెలిసికొంటిని.

మా మేనల్లునికి 2023 ఫాల్గుణమాసమున వివాహమైనది. కల్యాణమండపమునకు బయానా ఇచ్చుటకు ముందే అతడు థాయిలాండు, కాంబోడియా, బాలి అను మూడు దేశములకు పది రాత్రుల ప్యాకేజీ మాటలాడుకొని, దాని వెలను పండ్రెండు కిస్తీలుగ పంచుకొని, మొదటి కిస్తీ చెల్లించియుండెను. (బాలి దేశము కాదు, ఇండొనేషియాలోని యొక ద్వీపమని చెప్పబోతిని, బ్రోచరులో దేశమనియే యున్నదని అతడు నా నోరు మూయించెను.) యాత్రాదినములలో ఉగాది పడినది. మా చెల్లెలు కంటనీరు పెట్టుకొని నా యొద్దకు వచ్చి, "అన్నయ్యా, మొదటి ఉగాదికి అల్లుడు అత్తవారింట లేకపోతే వియ్యపురాలు ఏమనుకుంటుంది? నువ్వైనా చెప్పు" అనెను. నేను చెప్పితిని. "ఆ వారానికే ఆఫర్ ఉంది మామయ్యా, నలభై శాతం తక్కువ" అని అతడు జవాబు చెప్పెను. నలువది శాతము తగ్గింపునకు ఎదురు నిలువగల ధర్మశాస్త్రము నాకు తెలియదు గనుక ఊరకుంటిని. ఆ వారమునకే ఆ తగ్గింపు ఏల కలిగెనో విచారింపవలెనని అతనికి గాని నాకు గాని తోచలేదు.

మా తాతగారి కాలమున సముద్రము దాటినవానికి పంచగవ్యము త్రాగించి ప్రాయశ్చిత్తము చేయించెడివారు. ఆ నిషేధము ఎంతవరకు నడచెనోగాని, మొదటి వేయేండ్లలో మనవారు దానిని లెక్కచేసినట్లు కనబడదు. కాంబోడియా రాజులు సంస్కృత శ్లోకములతో శాసనములు చెక్కించిరి. వారి లిపికి మూలము పల్లవుల లిపి. కృష్ణాతీరపు అమరావతి శిల్పరీతిని తలపించు కంచు బుద్ధుడు వియత్నాములోని డాంగ్ డువాంగునందు దొరకెను. ఆ నావికులు ఓడలలో ఏమేమి తీసికొనిపోయిరో పండితులు ఊహింపవలసినదే గాని, మా వాడు తీసికొనిపోయిన దానిని విమానాశ్రయపు త్రాసు నిస్సంశయముగ నిర్ణయించినది: ఇద్దరికి కలిపి అరువది కిలోలు, అందు ఫోటోలకని కొన్న దుస్తులు ఇరువదియారు జతలు. పెట్టె మూయునప్పుడు మా చెల్లెలు కొడుకు చూడకుండ ఎండు వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లపు ముక్క ఒక ప్లాస్టిక్కు సంచిలో చుట్టి చీరల క్రింద దూర్చెనట. బరువు నూరు గ్రాములు మించి యుండదు.

తిరిగివచ్చిన మొదటి ఆదివారమున మమ్ము భోజనమునకు పిలిచిరి. భోజనమైన తరువాత ఫోనును టీవీకి తగిలించి దర్శనము మొదలుపెట్టిరి. ఫోటోలు రెండువేల మూడువందల పైచిలుకు. చూచువారము నేనును, మా ఆవిడయు. లేచిపోవుటకు వీలులేకుండ మా చెల్లెలు వాకిటివైపు కుర్చీ వేసికొని కూర్చున్నది.

మొదటి రెండువందలు పుకెట్టు రిసార్టులో మంచము మీదివి. తువాళ్లను మెలివేసి రెండు హంసలను చేసి, వాని ముక్కులు కలిపి, చుట్టును గులాబిరేకులు హృదయాకారమున పేర్చియుండిరి. ఆ హంసలు చెదరునను భయమున ఆ రాత్రి స్నానము చేసి ఇద్దరును తడియొంటితో ఫ్యాను క్రింద నిలుచుండిరని కోడలిపిల్ల చెప్పెను. రేకులను ఏరి పారవేయుటకు అరగంటయు, వానితో వచ్చిన చీమలను దులుపుటకు మరియొక అరగంటయు పట్టినదట. ప్యాకేజీలో ఈ యేర్పాటునకు 'రొమాంటిక్ డెకరేషన్' అని పేరు.

పిదప మాయా బే యను కడలితీరము. 2000 సంవత్సరమున వచ్చిన యొక హాలీవుడ్ చిత్రము పుణ్యమా యని దినమునకు వేలకొలది జనులు పడి పగడపుదిబ్బలను పాడుచేయగా, 2018లో దానిని మూసివేసి, 2022లో మరల తెరచి, ఈతకొట్టరాదని నిబంధన పెట్టిరి. పర్వదినమున తప్ప సముద్రమును తాకరాదని మన పెద్దలన్న మాటను మూఢాచారమని వెక్కిరించిన మా మేనల్లుడు, అక్కడి కాపలావాడు ఈల వేయగానే మోకాలిలోతు నీటినుండి వినయముగ వెనుకకు వచ్చుచున్న ఫోటో మిక్కిలి స్పష్టముగ నున్నది.

ఇక అంకోర్ వాట్. రెండవ సూర్యవర్మ 12వ శతాబ్దపు పూర్వార్ధమున విష్ణువునకై కట్టించిన యీ యాలయమును చూడవలెనని నలువదియేండ్లుగ పుస్తకములలోని బొమ్మలను చూచి నిట్టూర్చినవాడను నేను. వెళ్లివచ్చినవాడు మా మేనల్లుడు. ఒక దినపు టిక్కెట్టు 37 డాలర్లు. టిక్కెట్టు మీద కొన్నవాని ఫోటోనే అచ్చొత్తి ఇత్తురు గనుక దేవాలయ ప్రవేశమునకు ముందే యొక ఫోటో లెక్కకు వచ్చినది. ఇంటివద్ద ఎనిమిది గంటలకు గాని లేవనివాడు అక్కడ నాలుగున్నరకే లేచి, చీకటిలో కొలనుగట్టున చోటు సంపాదించెను. ఆలయము పశ్చిమాభిముఖము గనుక సూర్యుడు గోపురముల వెనుకనుండి పైకి వచ్చును. విషువత్తు నాటికి పడమటి దారిలో నిలిచి చూచినచో నట్టనడిమి శిఖరము మీదనే ఉదయించును. అట్లు గణించి కట్టిన శిల్పులకు నమస్కరింపబోవుచుండగా తెరమీదికి ఫోటో వచ్చినది: ముందువరుసలో చాచిన చేతులు నూరు, చేతిచేతిలో ఫోను, ఫోనుఫోనులో ఒక చిన్న సూర్యుడు. అసలు సూర్యుని ఒక జర్మను పెద్దమనిషి టోపీ మరుగుపరచినది.

లోపల తూర్పు మండపపు గోడమీద క్షీరసాగరమథనము 49 మీటర్ల పొడవున చెక్కబడియున్నది. ఒకవైపు 92 మంది అసురులు, ఒకవైపు 88 మంది దేవతలు, నడుమ కూర్మముమీద కవ్వపుకొండ, విష్ణువు. ఆ ఫోటోలో ముగ్గురు అసురులు మాత్రమే కనబడిరి. తక్కినవారిని మా వాని భుజము కప్పినది.

"ఇదేమిటో తెలిసిందిరా?" అని యడిగితిని.

"ముందు తాడు లాగే పోటీ అనుకున్నాం మామయ్యా. తరవాత గైడు చెప్పాడు, ఏదో పాలసముద్రమట. వాసుకి అని పాము పేరు కూడా చెప్పాడు. మనవాళ్ల కథలు వాళ్లకి భలే తెలుసు!"

బౌద్ధుడైన యొక ఖ్మేరు గైడు కూచిమంచివారి కులదీపకునికి, డాలర్లు పుచ్చుకొని, కూర్మావతారము నేర్పి పంపినాడు. పై యంతస్తునకు ఎక్కబోగా మోకాళ్లు కనబడుచున్నవని భటులు మా వానిని ఆపిరట. పంచె జారిపోవునని లోపల లాగు తొడిగికొని మాంగల్యధారణ చేసిన ధీరుడు, అక్కడ నాలుగు డాలర్లిచ్చి ఏనుగుబొమ్మల పైజామా కొనుక్కొని మెట్లెక్కెను. ఆ పైజామా ఇప్పుడు మా చెల్లెలి యింట దండెము మీద ఆరుచున్నది.

మరునాడు తా ప్రోమ్. ఏడవ జయవర్మ 1186లో తన తల్లి పేర నెలకొల్పిన ఆలయము. వృక్షముల వేళ్లు కొండచిలువలవలె గోడలను చుట్టుకొని, పడగొట్టుచు పట్టుకొనియు నున్నవి. దీనిని ఆటోవారందరును ఒక సినిమా పేరు పెట్టి పిలుతురట. తల్లికొరకు కట్టిన రాజు పేరు మరుగున పడి, 2001లో విడుదలైన, ఆ వేళ్లక్రింద నటీమణి పరుగెత్తిన సినిమా పేరు నిలిచినది. ఈ పది దినములలో కొడుకు ఒక్కసారియు ఫోను చేయలేదని మా చెల్లెలు వాకిటి కుర్చీనుండి అప్పుడే యనెను. "ఫోటోలు పంపాను కదమ్మా" అని మా వాడు తెరవైపే చూచుచు బదులు చెప్పెను.

బాలి ఫోటోలు పండ్రెండువందలు. కొలనులో తేలు పళ్లెమున ఫలాహారము పెట్టి ఫోటో తీయింతురు. పళ్లెము గాలికి అవతలి గట్టునకు పోవగా గ్రుడ్డు చల్లారి, రొట్టె తడిసి, వీరు ఆకలితో ఈదులాడిరి. ఉలువాటు గుడివద్ద కోతి యొకటి మా వాని నల్లకళ్లద్దములు లాగికొని, అరటిపండు చూపినను వదలక, రెండవ పండు వచ్చిన తరువాత ఇచ్చినదట. అక్కడి ముదురుకోతులు వస్తువు విలువనుబట్టి బేరము పెంచునని పరిశోధకులు 2021లో ప్రకటించిరి. ఆ సాయంకాలమే అదే కొండమీద వీరు కెచక్ రామాయణ నృత్యము చూచి, హనుమంతునికి చప్పట్లు కొట్టిరి.

అప్పుడు తెరమీద ఒక దివ్యదృశ్యము ప్రత్యక్షమైనది. ఆకాశమునకు ఎగసి, నిలువునా చీల్చిన గోపురమువలె రెండు శిలాస్తంభములు. నడుమ వధూవరులు చేతులు పట్టుకొని నిలుచుండిరి. పాదములక్రింద నిర్మలమైన తటాకము. అందు వారి ప్రతిబింబములు. మా ఆవిడ కునుకుపాటు మాని, కళ్లజోడు సవరించుకొని, "ఎంత బాగుందే అమ్మాయ్! ఆ చెరువులో స్నానం చేశారా?" అని యడిగెను.

కోడలిపిల్ల నవ్వు ఆపుకొనుచు, "అక్కడ చెరువే లేదండీ అత్తయ్యగారూ" అనెను.

అది లెంపుయాంగ్ ఆలయము. దాని ముంగిట వెలసిన ద్వారమునకు స్వర్గద్వారమని యాత్రికులు పేరు పెట్టిరి. టోకెను తీసికొని కూర్చున్నచో వరుస వచ్చును. వీరి సంఖ్య 214, వేచినది మూడున్నర గంటలు. వరుస వచ్చిన తరువాత ముక్కాలిపీట మీద కూర్చున్న యొకడు మన ఫోనునే పుచ్చుకొని, కెమెరా కంటికి దిగువ ఒక అద్దపుముక్కను అడ్డముగ పట్టి, "ఒకటి, రెండు, ఎగురు" అని ఆజ్ఞాపించును. అద్దములోని ప్రతిబింబము నీటిలోని దానివలె కనబడును. రెండు నిమిషములు కాగానే జరగండి, జరగండి అను భావమును ఏ భాషయు అక్కరలేని హస్తవిన్యాసముతో తెలియజేయుదురు. తిరుమలలో కులశేఖరపడి ముందు వాలంటీరుచేత నెట్టబడిన మనకు దీనికి అనువాదమక్కరలేదు. స్తంభముల నడుమ ఆగుంగ్ అగ్నిపర్వతము కనబడవలెనుగాని ఆనాడు మబ్బు కప్పినది. ఉన్న పర్వతము కనబడలేదు. లేని తటాకము కనబడినది.

"లోపల ఏ దేవుడురా?" అంటిని.

"తెలీదు మామయ్యా. మా క్యూ అక్కడితో అయిపోయింది."

ఇంతలో ఫోటోలు ఒక్కసారిగ నిలిచిపోయినవి. మార్చి 21 రాత్రి వీధులలో ఊరేగించి కాల్చిన ఓగో-ఓగో రాక్షసబొమ్మలవి మూడువందలున్నవి. తరువాతిది 23 ఉదయము, శంషాబాదు వచ్చుటకు విమానమెక్కుచున్నది. నడుమ 22వ తేది ఏమైనదని అడిగితిని. మా వాని ముఖము మాడినది.

ఆనాడు బాలిలో న్యెపి. వారి సంవత్సరాది. మన పంచాంగకర్తలు ఆ దినము శోభకృత్తు ఉగాది యని, శాలివాహన శకము 1945 అని వ్రాసిరి. బాలివారికిని అది 1945వ శక సంవత్సరమే. ఇంతవరకు చుట్టరికము. ఆ పైన వారి నియమములు వేరు: దీపము వెలిగింపరాదు, పని చేయరాదు, ప్రయాణము చేయరాదు, వినోదము కూడదు. తెల్లవారి ఆరునుండి మరునాటి ఆరువరకు విమానాశ్రయము మూయుదురు, మొబైలు ఇంటర్నెట్టు ఆపుదురు, పెచాలాంగులను గ్రామరక్షకులు వీధులలో తిరుగుచు వెలుతురు కనబడిన యింటివారిని మందలింతురు. హనీమూను దంపతులకును మినహాయింపు లేదు. గది, తెరలు, చీకటి, ఇద్దరు మనుష్యులు. నలువది శాతము తగ్గింపునకు కారణము ఇది.

"ఒక రోజంతా వేస్ట్ అయిపోయింది మామయ్యా" అని మా వాడు ఫోను మూసివేసెను.

కోడలిపిల్ల మాటలాడక, మా ఆవిడతో వంటింటిలోనికి పోయి, అక్కడ చెప్పినది. పగలంతయు ఫోను పనిచేయక వీరు పెట్టెలు సర్దుచుండగా చీరలక్రింది సంచి దొరకినదట. మామిడికాయ లేదు, గదిలో పెట్టిన పండ్లబుట్టలోని సలాక్, పాముపొర వంటి తోలు గలది, వగరు పులుపు, దానిని గోళ్లతో ఒలిచిరి. హోటలువారు భోజనముతో ఇచ్చిన ఉప్పుపొట్లము విప్పిరి. కాఫీకప్పులో చింతపండు పిసికి, బెల్లమును చెంచా కాడతో చితుకగొట్టి, వేపపువ్వు చల్లి, తూర్పు ఎటో తెలియక కిటికీవైపు తిరిగి తినిరి. రాత్రి గోడమీద టొకే బల్లి ఏడుసార్లు పలికినదట; దాని ఫలమేమో పంచాంగములో చూతమన్న పంచాంగము లేదు, దీపము లేదు. "ఆయనకి బల్లి అంటే భయమని ఆ రాత్రే తెలిసింది అత్తయ్యగారూ. తెల్లారేదాకా చిన్నప్పటి సంగతులన్నీ చెబుతూనే ఉన్నారు, నిద్ర పోకుండా."

ఆ దినమున ఏ సేవయు అందలేదు గనుక ఒక రాత్రి రుసుము తిరిగి చెల్లింపవలసినదిగా మా మేనల్లుడు ప్యాకేజీవారికి లేఖ వ్రాసియున్నాడు. జవాబు ఇంతవరకు రాలేదు.